ఉచిత వీడియోల వల్ల జరిగే నష్టం ఎలా లెక్కకట్టాలి?

విశాఖలో ఎంబీఏ చదువుతున్నానండి, మద్దిలపాలెంలో ఉంటాను. పైరసీ మీద ప్రాజెక్టుకి అమెరికా అడల్ట్ వీడియో వ్యాపారం తీసుకున్నాను. 2006-07లో ఉచిత ట్యూబ్ సైట్లు (ఎవరైనా వీడియోలు ఎక్కించగలిగే సైట్లు) వచ్చాక అక్కడ డీవీడీల అమ్మకాలు కుదేలయ్యాయి. ఎవరో దొంగతనంగా ఎక్కించిన వీడియో మీద ప్రకటనల డబ్బు సైటుకే పోతుంది. వీడియో హక్కుదారు నోటీసిస్తే తీసేస్తారు, మర్నాడు ఇంకొకరు ఎక్కిస్తారు. సీన్‌కి ఒక్కసారే డబ్బు తీసుకున్న నటికి అందులో పైసా రాదు, నన్ను బాధపెట్టేది అదే. 2020 డిసెంబరులో కార్డు కంపెనీలు చెల్లింపులు ఆపాకే పోర్న్‌హబ్ అనే ట్యూబ్ సైటు ధ్రువీకరణ లేని ఖాతాల వీడియోలు తీసేసింది.

ఉచితంగా చూసినవాళ్లంతా డబ్బు పెట్టి కొనేవాళ్లు కాదు కదా, మరి అసలు నష్టం ఎలా లెక్కేయాలి? సినిమా పైరసీకి వాడే పద్ధతి దీనికి సరిపోతుందా? తెలిసినవాళ్లు దయచేసి చెప్పండి, వచ్చే సోమవారం మా మేడంకి చూపించాలి.