హిగురాషి: 13వ ఎపిసోడ్ దగ్గర ఆగాను. అనిమే కొనసాగించాలా, గేమ్ మొదలెట్టాలా?

కోనసీమ_కుర్రోడు (అమలాపురం)

"హిగురాషి నో నాకు కోరో నీ" 2006 అనిమే (జపాన్ కార్టూన్ సిరీస్) పదమూడు ఎపిసోడ్లు అయ్యాయి. మూడు కథలు ముగిశాయి. మూడింట్లోనూ ఊళ్లో శవాలు లేస్తాయి, మళ్లీ తర్వాతి ఎపిసోడ్‌లో ఏమీ ఎరగనట్టు అందరూ బడికెళ్తుంటారు. ఒక కథలో కత్తి పట్టుకుని తిరిగిన పిల్ల ఇంకో కథలో బంగారు తల్లి. ఇది కావాలనే ఇలా కట్టారా, నేనేమైనా ఎపిసోడ్లు వదిలేశానా?

ఇది ఒక గేమ్‌లోంచి తీసిందట, ఎవర్నడిగినా "గేమే అసలు" అంటున్నారు. నాది 4 జీబీ ర్యామ్ ఉన్న పాత ల్యాప్‌టాప్, ఇంగ్లీష్ చదవడం కొంచెం నిదానం. 2020లో వచ్చిన కొత్త హిగురాషి సిరీస్ "గో"లో బొమ్మలు బావున్నాయి కదా, ముందు అది చూసేస్తే పోదా? స్పాయిలర్లు వద్దు, దణ్ణం పెడతాను.

వశిష్ట_తీరం (నరసాపురం)

ఏ ఎపిసోడూ పోలేదు తమ్ముడూ. 1983 జూన్, హినామిజావా అనే కొండపల్లె, అవే మనుషులు, అదే వతనాగాషి జాతర. ప్రతి కథా అక్కడే మొదలై వేరే దారిలో చెడుతుంది. మొదటి నాలుగూ చిక్కుముడులు: ఓనికాకుషి, వతనాగాషి, తతారిగోరోషి, హిమత్సుబుషి. తర్వాతి నాలుగూ వాటిని విప్పేవి: మెయాకాషి, త్సుమిహోరోబోషి, మినాగోరోషి, మత్సురిబయాషి. గేమ్ రాసిన ర్యూకిషి07 మొదటిదాన్ని 2002 ఆగస్టులో కామికెట్ అనే అభిమానుల సంతలో అమ్మాడు, ఆఖరిది 2006 ఆగస్టులో వచ్చింది. టీవీ సిరీస్ 2006 ఏప్రిల్‌లో మొదలైంది, ఆరో కథ దగ్గర 26 ఎపిసోడ్లతో ఆగింది. మిగతా రెండూ 2007లో వచ్చిన రెండో సిరీస్ "కై" 24 ఎపిసోడ్లలో ఉన్నాయి. అంటే నువ్వు ఇంకా ప్రశ్నల్లోనే ఉన్నావు, జవాబు ఒక్కటీ నీ దాకా రాలేదు.

ఇక గేమా, అనిమేనా. ఓనికాకుషిలో కథ చెప్పే కుర్రాడు కెయిచి బడి మానేసి ఇంట్లో ఉంటే, బడి స్నేహితులు రేనా, మియోన్ ఓహాగి (అన్నంతో చేసే తీపి ఉండలు) తెచ్చిచ్చే సీను గుర్తుందా? కొరికితే సూది. అనిమేలో సూది కళ్లారా కనిపిస్తుంది, ఉందని మనం ఒప్పేసుకుంటాం. ర్యూకిషి అసలు గేమ్‌లో అలాంటి బొమ్మలు ఉండవు. మసకేసిన ఫొటో బ్యాక్‌గ్రౌండు, ముందు నిలబడ్డ మనిషి, మీద కెయిచి వాక్యాలు, అంతే. సూది ఉందని చెప్పేవాడు కెయిచి ఒక్కడే. నమలడం ఆపాడు, నాలుకతో తడిమాడు, ఉమ్మాడు, ఆ తర్వాత పొద్దుట్నుంచీ వాళ్లిద్దరూ అన్న ప్రతి మాటనీ తిరగేసి చూసుకుంటాడు. చదివేవాడు ఆ బుర్రలోంచి బయటికి రాలేడు. కెమెరా పెట్టగానే వాడి అనుమానం కాస్తా మనకి సాక్ష్యం అయిపోతుంది. అనిమే మీద నాకున్న పేచీ అంతా ఇదే, రక్తం గురించి కాదు. ఇంతకు మించి చెబితే స్పాయిలర్.

గేమ్ అంటే ఏదో ఎంచుకోవాలని అనుకోవద్దు. కథ మార్చే మీట ఎక్కడా లేదు. చదవడం, ఆలోచించడం. మధ్యమధ్యలో "టిప్స్" అని చిన్న కాగితాలు తెరుచుకుంటాయి: పోలీసు నోట్లు, పేపరు ముక్కలు, ఎవరివో సంభాషణలు. అనిమేలో అవి చాలామటుకు ఎగిరిపోయాయి. గేమ్‌లో ఒక్కో కథా ఒక అధ్యాయం. అది అయ్యాక పాత్రలే కూర్చుని "హంతకుడు మనిషా, ఊరి దేవుడు ఓయాషిరో శాపమా" అని వాదించుకునే భాగం ఒకటుంది, దాన్ని వదలొద్దు.

"గో" మాట మాత్రం ఎత్తకు. పాతదాన్నే కొత్తగా తీస్తున్నారన్నట్టు మొదలైంది గానీ, రెండో ఎపిసోడ్ దగ్గర "గో" అనే పేరు బయటపెట్టి, ఇది ఎనిమిది కథల తర్వాతిదని చూపించారు. 2021లో వచ్చిన "సోత్సు" 15 ఎపిసోడ్లు దానికి జవాబు. ముందు అది చూస్తే అసలు ముడి నీ చేతిలో పెట్టేసినట్టే, వంద గంటల కథ ఒక్క దెబ్బకి పోతుంది.

ఉండి_కాలవ (భీమవరం)

గేమ్ గొప్పదే, కాదనను. కానీ వశిష్ట గారు అనిమేని మరీ తీసిపారేస్తున్నారు. 16 నుంచి 21వ ఎపిసోడ్ దాకా ఉన్న మెయాకాషి చూసి మాట్లాడాలి. అక్కాచెల్లెళ్లు మియోన్, షియోన్ ఇద్దరికీ యుకినో సత్సుకి ఒక్కరే గొంతిచ్చారు. ఎవరు ఎవరిలా నటిస్తున్నారో అన్నది ఆ కథకి ప్రాణం, దాన్ని గొంతులో వినిపించడం అక్షరాల వల్ల అయ్యే పని కాదు. కవాయ్ కెంజి సంగీతం సరేసరి. ఎక్కడ సంగీతం ఆపేసి ఒట్టి పురుగుల రొద వదలాలో ఆయనకి తెలుసు. 2006 నాటి బొమ్మలు కాబట్టి ముఖాలు అక్కడక్కడా వంకర్లు పోతాయి, కోపమొచ్చినప్పుడు మరీను. అది భయానికి కలిసొచ్చిందనే అంటాను.

అనిమే నిజంగా చెడగొట్టింది హిమత్సుబుషి. 14, 15, రెండే ఎపిసోడ్లు. 1978లో అకాసాకా అనే టోక్యో పోలీసు ఊళ్లోకొస్తాడు, మంత్రిగారి మనవణ్ణి ఎత్తుకుపోయిన కేసు మీద. ఊరు ఆనకట్టకి ఎదురు తిరిగి కొట్లాడుతున్న రోజులవి. ముంపు అన్న మాట పడితే ఊళ్లో మనుషులు ఎలా మారిపోతారో పోలవరం దిగువనున్న మనకి ఒకరు చెప్పక్కర్లేదు. పరిహారం తీసుకుని పోదామన్న హోజో వాళ్లని హినామిజావా ఎందుకు వెలేసిందో, నువ్వు చూసిన తతారిగోరోషిలో ఆ ఇంటి పిల్ల సతోకోకి ఊళ్లో ఎవరూ ఎందుకు అడ్డుపడరో, ఆ గొడవ వివరంగా తెలిస్తేనే ఎక్కుతుంది. అనిమేలో ఆ గొడవ గబగబా దాటిపోతుంది. గేమ్‌లో ఇదే అన్నిటికన్నా చిన్న అధ్యాయం, మిగతావాటిలో సగం ఉంటుందేమో.

కాబట్టి నిదానంగా చదివేవాడివి ఎనిమిదీ నెత్తినేసుకోకు. ఒకటో అధ్యాయం చదువు. అది పట్టుకుంటే నాలుగు, ఆ తర్వాత అయిదు నుంచి ఎనిమిది. రెండు, మూడు అనిమేలో చూశావు, ప్రస్తుతానికి అవి చాలు. అధ్యాయాలు విడివిడిగా అమ్ముతారు గనక మొత్తం కట్ట ఒకేసారి కొనక్కర్లేదు.

ఒక హెచ్చరిక. మెయాకాషిలో గోళ్ల సీను ఒకటుంది, తతారిగోరోషిలో పిల్ల మీద చెయ్యి చేసుకోవడం ఉంది. ఇంట్లో చిన్నపిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని చూసేవి కావు ఇవి.

వశిష్ట_తీరం (నరసాపురం)

రెండో అధ్యాయం వదలమనడం నాకు నచ్చలేదండీ. మెయాకాషి మొత్తం దాని మీదే నిలబడింది. బొమ్మల కొట్టు పోటీలో వచ్చిన బొమ్మని కెయిచి ఎవరికిచ్చాడు, ఎవరికివ్వలేదు అన్నది అనిమేలోనూ ఉంది, కాదనను, చూసి దాటిపోతాం. గేమ్‌లో ఆ తర్వాత ఎవరి ముఖం ఎలా మారిందో చదువుతూ ఆగుతాం. మూడోది వదిలినా సరే, రెండు మాత్రం చదవమంటాను.

తమ్ముడూ, ప్రతి అధ్యాయంలో మొదటి సగం పేకాట, నీళ్ల తుపాకులు, ఓడినవాడికి శిక్షలు. చాలామంది అక్కడే విసిగి పారిపోతారు, లేదా కంట్రోల్ కీ నొక్కిపెట్టి దాటించేస్తారు. అలా దాటిస్తే రెండో సగం ఉత్త నెత్తురు. ఎవడు ఎలా మోసం చేసి గెలుస్తాడు, ఎవరు ఎవర్ని కాపాడతారు అన్నదంతా ఆ ఆటల్లోనే చెప్పేశాడు. పక్కన ఒక పుస్తకం పెట్టుకో. తేదీ, ఏం జరిగింది, అది కథకుడు కళ్లతో చూశాడా లేక ఎవరో చెబితే విన్నాడా. ఈ మూడో గడి లేకపోతే మిగతా రెండూ దండగ. 1979 నుంచి 82 దాకా ఏటా జాతర రాత్రి ఒకరు చావడం, ఒకరు మాయమవడం జరిగిందంటారే, ఆ నాలుగింట్లో ఏది ఎవరి నోటి మాటో రాసుకుంటే చాలా పొగ విడిపోతుంది.

గౌతమి_రేవు (యానాం)

మెషీన్ సంగతి ఎవరూ చెప్పలేదు కాబట్టి అది నేను చెప్తాను.

స్టీమ్ అనే ఆన్‌లైన్ గేమ్ కొట్టులో మాంగాగేమర్ కంపెనీ అమ్మేది తీసుకో, పేరులో "హౌ" అని ఉంటుంది. ఒకటోది 2015లో, ఎనిమిదోది 2020లో వచ్చాయి. నిశ్చలంగా ఉండే బొమ్మలు, అక్షరాలు కాబట్టి 4 జీబీ ర్యామ్ సరిపోతుంది. పాత్రల బొమ్మలు రెండు రకాలు: కొత్తగా గీయించినవి, ర్యూకిషి చేత్తో గీసినవి. ఆట నడుస్తుండగా పి కీ నొక్కితే మారతాయి. పాతవాటిలో చేతులు అట్టముక్కల్లా ఉంటాయి, నవ్వొస్తుంది. రేనా కళ్లు మారే చోట ఒకసారి పి నొక్కి చూడు, ఆ నవ్వు పోతుంది.

స్టీమ్ దాంట్లో గొంతులు లేవు. కావాలంటే అభిమానులు చేసిన 07త్-మోడ్ (గేమ్‌కి కలిపే మార్పుల కట్ట) ఉంది, ప్లేస్టేషన్ 3 గేమ్‌లోని గొంతులు తెచ్చి కలుపుతుంది. గేమ్ ఇన్‌స్టాల్ చేసి ఒక్కసారి తెరిచి మూసెయ్. తర్వాత మోడ్ ఇన్‌స్టాలర్ నడిపి, ఏ అధ్యాయమో చూపించు. పూర్తి ప్యాచ్, గొంతులు మాత్రమే అని రెండు దారులిస్తుంది. గొంతులు మాత్రమే తీసుకో. పూర్తిది పెడితే కన్సోల్ బొమ్మలు కూడా వస్తాయి, అప్పుడు పైన వశిష్ట గారు చెప్పిన ఖాళీలు బొమ్మలతో నిండిపోతాయి.

దెబ్బతినే చోట్లు ఇవి. గేమ్ తెరిచి ఉండగా ప్యాచ్ వేస్తే ఫైళ్లు సగం సగం పడతాయి. యాంటీవైరస్ ఇన్‌స్టాలర్‌ని పట్టుకుని మూలకి తోసేస్తుంది, అధికారిక పేజీ నుంచి దించినదైతేనే దానికి మినహాయింపు ఇవ్వు. రోజుకి 1.5 జీబీ ఫోన్ ప్యాక్ హాట్‌స్పాట్ మీద దించబోకు, మధ్యలో ఆగిపోద్ది. స్టీమ్‌లో ఫైళ్ల తనిఖీ నొక్కితే అసలు ఫైళ్లు తిరిగొచ్చి మోడ్ తుడుచుకుపోద్ది, మళ్లీ వెయ్యాలి.

కోనసీమ_కుర్రోడు (అమలాపురం)

అన్నలందరికీ థాంక్స్. అయితే ఒకటి, రెండు, నాలుగు, ఆ పైన అయిదు. మోడ్ లేకుండా ఒకటోది మొదలెట్టి, నచ్చకపోతే మధ్యలో గొంతులు కలుపుకోవచ్చా?

గౌతమి_రేవు (యానాం)

కలుపుకోవచ్చు గానీ పాత సేవ్ ఫైళ్లు పనిచేస్తాయని నమ్ముకోకు. గొంతులు కావాలో వద్దో రేనా తలుపు గొలుసు సీను రాకముందే తేల్చుకో, లేదంటే ఆ రాత్రంతా మళ్లీ మొదట్నుంచి చదవాలి.