నాంపల్లి, సికింద్రాబాద్ ఉండగా కాచిగూడ స్టేషన్ ఎందుకు కట్టారు?

ప్రశ్న: రోజూ విద్యానగర్ నుంచి మలక్‌పేటకు ఎంఎంటీఎస్ లోకల్ రైల్లో వెళ్తాను. మధ్యలో కాచిగూడ గుమ్మటం, మినార్లు కనిపించినప్పుడల్లా ఒకటే అనుమానం. సికింద్రాబాద్ 1874 నాటిది, నాంపల్లి 1907 నాటిది. ఒకే ఊళ్లో మళ్లీ 1916లో ఇంత పెద్ద స్టేషన్ అవసరమేమొచ్చింది? ఏడో నిజాం సరదాకు కట్టించాడని ఆఫీసులో ఒకాయన అన్నారు. నాకైతే నమ్మబుద్ధి కాలేదు.

జవాబు 1: సరదా కాదన్నా, రెండు పట్టాల నడుమ వెడల్పు (గేజ్) తేడా. కర్ణాటకల ఉన్న వాడి జంక్షన్ నుంచి సికింద్రాబాద్‌కు 1874లో వచ్చింది బ్రాడ్ గేజ్. నాంపల్లి దానికి కొమ్మలాంటిది, పట్టాలు అక్కడికి ఆగిపోతయ్. మహారాష్ట్రల మన్మాడ్ దిక్కు పోయే లైనేమో మీటర్ గేజ్. మహబూబ్‌నగర్ దిక్కు వేసింది కూడా మీటర్ గేజే, కాచిగూడ ఆ దారి మీదిది. అటు బండి ఇటు పట్టాల మీద నడవదు. బ్రాడ్ గేజ్ 1676 మిల్లీమీటర్లు, మీటర్ గేజ్ పేరులో ఉన్నట్టే వెయ్యి.

మాది ఆ మహబూబ్‌నగర్ లైన్ మీది జడ్చర్ల దగ్గరి పల్లె. ఆ తేడా ఏందో మాకు కాళ్లతోని ఎరుక. మా నాయిన బొంబాయికి మట్టిపనికి పోయేటోడు. 1980లల్ల ఒకసారి అమ్మను, నన్ను కూడ తోలుకపోయిండు. మీటర్ గేజ్ డబ్బా ఇరుకు, ఎదురుంగ కూసున్నోళ్ల మోకాళ్లు మనకు తాకేవి. తెల్లారి కాచిగూడల దిగినం. బొంబాయి బండి నాంపల్లిల ఎక్కాలె. రిక్షాకు పైసల్ పెట్టలేక నాయిన బొంత మూట నెత్తిన పెట్టుకున్నడు, అమ్మ చేతిల జొన్నరొట్టెల గుడ్డ, నా చేతిల సత్తు చెంబు. నడుసుడే. సుల్తాన్‌బజార్ కాడ చెంబు జారి సొట్ట పడ్డది. అది ఇప్పటికీ మా ఇంట్లనే ఉంది. పాలమూరు (మహబూబ్‌నగర్) నుంచి వలస పోయినోళ్లు ఎంతమంది అట్ల నడిచిన్రో. అందరు ఆ గుమ్మటం ఫొటోలు పెడతరు గని, నాకు ఆ స్టేషన్ అంటే బయటి మెట్లే. నాయిన మూట దించి దమ్ము తీసుకున్నది ఆడనే.

జవాబు 2: పై అన్న చెప్పినదానికి చిన్న చేర్పు. ఈ లైన్లు నడిపిన రైల్వే పేరు నిజాం గ్యారంటీడ్ స్టేట్ రైల్వే. లండన్‌లో వాటాలు కొన్నవాళ్లకు వడ్డీ వస్తుందని పూచీ పడ్డది నిజాం ప్రభుత్వం, ఆ ‘గ్యారంటీ’ అదే. 1930లో ప్రభుత్వమే రైల్వేను చేతిలోకి తీసుకుంది. అంటే ఆ పూచీ ఉన్నంతకాలం లాభం వచ్చినా రాకపోయినా లండన్‌కు డబ్బు వెళ్లాల్సిందే. స్టేషన్ గురించి రాసేవాళ్లు ఈ లెక్క కూడా రాయాలి.

ప్రశ్న అడిగినవారు: ఇద్దరికీ దండాలు. అన్నా, మరి ఇప్పుడు జడ్చర్ల నుంచి ఎలా వస్తున్నారు?

జవాబు 1: 1990లల్ల మా లైన్ బ్రాడ్ గేజ్ అయింది. డబ్బాలు వెడల్పుగ ఉన్నయ్, మోకాళ్లు తాకవు. నాయిన మాత్రం ఆ బండి ఎక్కలేదు, అప్పటికే పోయిండు. కాచిగూడల దిగినప్పుడల్లా ఆ మెట్ల మీద ఒక నిమిషం కూసుంట.