రిలేషన్‌ని 'వరస' అంటే, మరి రో (row)ని ఏమనాలి?

బరంపురంలో ఒక బట్టల హోల్‌సేల్ కొట్టుకి బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ రాస్తున్నాను, విన్‌ఫారమ్స్‌లో (విండోస్ తెరలు కట్టడానికి మైక్రోసాఫ్ట్ ఇచ్చే సరంజామా). ఓనరు గారిది ఇంట్లో తెలుగు, కొట్లో ఒడియా. తెర మీద మాటలన్నీ తెలుగులోనే కావాలన్నారు. పై గ్రిడ్‌లో (గళ్ల పట్టికలో) ఖాతాదార్లు, కింది గ్రిడ్‌లో వాళ్ల బిల్లులు, పైన ఒక పేరు నొక్కితే కింద ఆయన బిల్లులే రావాలి. మొదటిరోజు చూపిస్తే ఎవరిని నొక్కినా అందరి బిల్లులూ వచ్చి కూర్చుంటున్నాయి. పెద్దాయన కళ్లజోడు నుదుటి మీదకి తోసుకుని కాసేపు చూసి, "పైవాళ్లకీ కిందవాళ్లకీ వరస కలవట్లేదు బాబూ" అన్నారు.

తప్పు నాదే. గ్రిడ్‌కి డేటా అందించే ముక్కని బైండింగ్ సోర్స్ అంటారు. కింది బైండింగ్ సోర్స్‌కి డేటా సోర్స్‌గా (ఎక్కణ్ణించి తేవాలో) పై బైండింగ్ సోర్స్‌నీ, డేటా మెంబర్‌గా (అందులో ఏది తేవాలో) రిలేషన్ పేరునీ, అంటే రెండు టేబుళ్లని కలిపే లింకు పేరునీ ఇవ్వాలి. నేను నిద్రమత్తులో డేటాసెట్‌నీ (టేబుళ్లన్నీ ఉండే మూట) టేబుల్ పేరునీ ఇచ్చేశాను. టేబుల్ పేరిస్తే ఉన్నవాళ్లందర్నీ తోలుకొచ్చేస్తుంది, రిలేషన్ పేరిస్తేనే "ఎవులి గుంటడివిరా?" (ఎవరి పిల్లాడివిరా) అని అడిగి మరీ లోపలికి రానిస్తుంది.

అది 2 నిమిషాల్లో సరిచేశాను గానీ ఆయన మాట బుర్రలో ఉండిపోయింది. రిలేషన్‌కి నేను 'సంబంధం' అని రాసుకున్నా, కానీ అనగానే మా ఇళ్లలో పెళ్లి సంబంధమే గుర్తొస్తుంది. నాతో పనిచేసే ఒడియా కుర్రాడు 'సంపర్క' అంటాడు, వాళ్లకి అది మర్యాదైన మాటే. తెలుగు తెర మీద 'సంపర్కం' అని పెడితే మళ్లీ ఆ కొట్లో తలెత్తుకు తిరగగలనా? వరసైతే అచ్చంగా సరిపోతుంది, ఎవరికి ఎవరు ఏమవుతారో చెప్పేదే వరస. చిక్కల్లా రోని, అంటే పట్టికలో అడ్డంగా ఉండే ఒక్కో నమోదుని, కూడా వరుసే అంటాం కదా. 'ఈ వరుసకి ఆ వరుసతో వరస కుదరలేదు' అని మెసేజ్ వస్తే చదివినవాడికి పిచ్చెక్కదూ? ఏమంటారు?

పర్లాకిమిడి నుంచి:
రోని 'పద్దు' అనండి, గొడవ వదిలిపోతుంది. చిట్టాలో రాసేది పద్దే కదా, కొట్టువాళ్లకి ఎవరూ నేర్పక్కర్లేదు. పేరెంట్, చైల్డ్ టేబుళ్లకి (పైది, దాన్ని పట్టుకుని ఉండే కిందిది) మాత్రం 'జనక పట్టిక, జన్య పట్టిక' అని నా సూచన.

రాయగడ నుంచి:
మాస్టారూ, గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన ఊళ్లో కూర్చుని జన్య పట్టిక అంటారా! చెట్టుకి తల్లివేరు, పిల్లవేర్లు ఉన్నాయి, పొలానికి పిల్లకాలువ ఉంది. తల్లి పట్టిక, పిల్ల పట్టిక అంటే చాలదూ?

బరంపురం నుంచి, మళ్లీ నేనే:
పద్దు ఖాయం అండి, థాంక్స్. తల్లీపిల్లల దగ్గరే నాకు కొంచెం తేడా కొడుతోంది. బిల్లులో ఒక్కో సరుకుకీ ఒక పద్దు పడుతుంది చూడండి, అది బిల్లుల పట్టికకీ పిల్లే, సరుకుల పట్టికకీ పిల్లే. ఇద్దరు తల్లులన్నమాట (కృష్ణుడికి లేరా అనకండి). మనిషికైతే ఎన్ని వరసలున్నా ఇబ్బంది లేదు, ఒకే మనిషి ఒకరికి మేనల్లుడు, ఇంకొకరికి బావమరిది. డేటాసెట్‌లోనూ అంతే, ఒక టేబుల్‌కి ఎన్ని రిలేషన్లయినా ఉండొచ్చు, దేని పేరు దానిదే. కాబట్టి తల్లి, పిల్ల అనేవి ఆ ఒక్క వరస వరకే చెల్లుతాయి, పట్టిక నుదుటి మీద రాసి పెట్టేవి కావు.

జయపురం నుంచి:
మాట సంగతి సరే తమ్ముడూ, పని కూడా చూసుకో. కోడ్‌లో రిలేషన్ వేస్తే, వద్దని చెప్పకపోతే, కన్‌స్ట్రెయింట్ (కట్టుబాటు) కూడా దానంతటదే పడుతుంది, తల్లి లేని పిల్ల పద్దుని ఇక ఒప్పుకోదు. అందుకని డేటా నింపేటప్పుడు తల్లి పట్టిక ముందు. కొత్త బిల్లు రాసేటప్పుడు పైదానికి ఎండ్ ఎడిట్ (రాసినదాన్ని ఖాయం చేయడం) అయ్యాకే కిందకి దిగాలి. సేవ్ చేసేటప్పుడు కొత్తవైతే తల్లి ముందు, తీసేసేవైతే పిల్లలు ముందు. ఇంకా డేటాబేస్ నంబరు ఇవ్వని కొత్త బిల్లులకి నేను ఆటో ఇంక్రిమెంట్‌ని (కొత్త పద్దుకి దానంతటదే పడే నంబరుని) మైనస్ 1 నుంచి కిందకి నడిపిస్తాను, అసలు నంబర్లతో ఎప్పటికీ కలవవు. సేవయ్యాక అసలు నంబరు తల్లి పద్దులోకి తెచ్చుకుంటే పిల్లల దగ్గరా అదే మారిపోతుంది. ఈ తాత్కాలిక నంబరుకేం పేరు పెడతావో పెట్టు.

రాయగడ నుంచి:
బారసాల దాకా పిల్లాణ్ణి బుజ్జిగాడు అంటాం కదా, అది ముద్దు పేరు. ఇది ముద్దు నంబరు.

బరంపురం నుంచి:
ముద్దు నంబరు! ఇది మాత్రం తీసేసుకున్నా. సాయంత్రం ఎర్రర్ మెసేజ్ కూడా రాసి చూపించాను, 'ఈ పద్దుకి పైన వరస దొరకలేదు' అని. పెద్దాయన రెండుసార్లు చదివి, 'పైన' అంటే ఎవరైనా పోయారనుకుంటారు, ఆ మాట తీసెయ్ అన్నారు. తీసేశాను.