హైదరాబాద్ నుంచి విశాఖకు ఈవీలో: కోదాడ ఛార్జింగ్, విజయవాడ లాడ్జి గురించి

నమస్తే అండీ. కొత్త ఈవీ, మొదటి లాంగ్ డ్రైవ్. బ్యాటరీ 45 యూనిట్లు. హైవే మీద 100 స్పీడులో, ఏసీతో, యూనిట్‌కి ఆరున్నర కిలోమీటర్లు; ఫుల్ ఛార్జికి 290. విజయవాడ సుమారు 275. లెక్కకు సరిపోతుంది గానీ గుండె ఒప్పుకోదు. అందుకే కోదాడలో ఆగి 40 నుంచి 80 శాతానికి ఎక్కించాలి. 80 దాటాక ఛార్జింగ్ ఎలాగూ నత్తనడకే.

60 కిలోవాట్ల ఛార్జింగ్ మెషీన్‌కి ఉన్న రెండో గన్‌కి (కారుకు తగిలించే ప్లగ్) ఇంకో కారు తగిలితే పవర్ సగమై, 25 నిమిషాల పని 40 అవుతుంది. శనివారం పొద్దున అక్కడ రద్దీ ఎలా ఉంటుంది? సూర్యాపేటే నయమా?

రాత్రి విజయవాడలో. 15 ఆంప్స్ ప్లగ్ దొరికితే పది గంటల్లో 30 యూనిట్లు ఎక్కుతాయి. ఎర్తింగ్ లేకుంటే ఛార్జర్ ఎర్రలైటు వేసి మొరాయిస్తుంది. పార్కింగ్‌లో సరైన ఎర్తింగ్ ఉన్న లాడ్జి ఏదైనా చెప్తారా?