పాత రేడియో అనౌన్సర్ టేపులు, రికార్డులు: ఎలా కాపాడాలి?

నమస్కారం అండీ. మేం నాష్‌విల్‌లో ఉంటాం. మా పక్కింటి పెద్దాయన చాలా ఏళ్లు ఒక చిన్న రేడియో స్టేషన్‌లో కంట్రీ పాటలు (ఇక్కడి అమెరికా పల్లె సంగీతం) వేసే అనౌన్సర్‌గా చేశారు. 1957 నుంచి 1972 దాకా రాల్ఫ్ ఎమరీ అనే అనౌన్సర్ ఇక్కడి డబ్ల్యూఎస్‌ఎం రేడియోలో రాత్రంతా నడిపిన షో విని ఈ పనిలోకి వచ్చానని చెప్పేవారు. పోయిన నెల ఆయన చనిపోయారు. ఆయన భార్య ఒక ట్రంకు పెట్టె నాకిచ్చి, "నువ్వే చూడు బాబూ" అన్నారు.

అందులో చేతిరాత స్క్రిప్టులు, గ్రాండ్ ఓల్ ఆప్రీ అనే కంట్రీ పాటల రేడియో షో 1974లో వేరే చోటికి మారకముందు, అది జరిగే రైమన్ ఆడిటోరియంలో తీసిన ఫొటోలు ఉన్నాయి. వాటికి భయం లేదు. టెన్షనంతా రీల్ టేపుల గురించే. కొన్ని వెనిగర్ వాసన కొడుతున్నాయి. అసిటేట్ (ఒక రకం ప్లాస్టిక్) టేపు పాడవుతుంటే అలాగే ఉంటుందట, వాటిని విడిగా పెట్టాను. అల్యూమినియం పళ్లెం మీద నల్లటి పూత ఉన్న రికార్డులు నాలుగున్నాయి, ఒకదాని పూత పెచ్చులుగా లేస్తోంది.

వీటిని ఇంట్లో ఒక్కసారైనా ప్లే చేయొచ్చా? ముందు డిజిటల్ చేయించాలా, లేక ఉన్నవి ఉన్నట్టే ఇక్కడి కంట్రీ మ్యూజిక్ మ్యూజియం వాళ్లని అడగాలా? ఇలాంటి పని చేసినవాళ్లు దయచేసి చెప్పండి. ఆవిడకి ఆయన గొంతు మళ్లీ వినాలని ఉంది.