సిప్రో, టామ్సులోసిన్, టిజానిడిన్ ఒకే చీటీలో వస్తే ఇవ్వొచ్చా?

పర్లాకిమిడి, మందుల షాపు:
45 ఏళ్ల మనిషి, దీర్ఘకాలిక ప్రోస్టేట్ (మూత్రాశయం కింది గ్రంథి) వాపు. యాంటీబయాటిక్ సిప్రోఫ్లాక్సాసిన్ (సిప్రో) 500 రెండు పూటలా, 4 వారాలు. మూత్రం సాఫీగా రావడానికి టామ్సులోసిన్ 0.4 రాత్రికి. కండరాల బిగువు తగ్గించే టిజానిడిన్ 2, నొప్పి మాత్ర ఎసిక్లోఫెనాక్ 100 రోజుకి రెండేసిసార్లు. షుగరుకి గ్లిమెపిరైడ్ ముందునుంచీ వాడుతున్నాడు. జ్వరం లేదు, కల్చర్ (మూత్రంలో క్రిముల్ని పెంచి చూసే పరీక్ష) చేయించలేదు. అన్నీ కలిపి ఇచ్చేయొచ్చా? వేళలు ఎలా చెప్పాలి?

గుణుపురం, ఫార్మసిస్టు:
ముందు టిజానిడిన్ పక్కన పెట్టి డాక్టరుగారికి ఫోన్ చెయ్యండి సార్. సిప్రో దాన్ని లివర్లో విరగనివ్వదు, రక్తంలో దాదాపు 10 రెట్లు పేరుకుని బీపీ పడిపోతుంది. టామ్సులోసిన్ కూడా బీపీ దించేదే. రాత్రి ఒంటికి లేచినవాడు గుమ్మం దాటకుండానే కూలబడతాడు. సిప్రో, టిజానిడిన్ జంట వాడనేకూడదు.

సిప్రో వేసుకున్న 2 గంటల దాకా చోడి అంబలి మజ్జిగ వద్దనండి. పాలు, పెరుగు, మజ్జిగల్లో కాల్షియం మందుని పేగులోనే పట్టేస్తుంది. నొప్పి మాత్రకి గ్యాస్ వచ్చిందని తెల్లమందు (అంటాసిడ్) తాగేవాళ్లూ ఉంటారు, అదీ సిప్రోని పట్టేస్తుంది. దానికి 2 గంటలు ముందైనా, 6 గంటలు తర్వాతైనా సిప్రో వేసుకోవాలి. గ్లిమెపిరైడ్‌కి సిప్రో తోడైతే షుగరు బాగా పడిపోవచ్చు కాబట్టి చెమటలు, వణుకు వస్తే వెంటనే చక్కెర నీళ్లు తాగి, షుగరు చూపించుకోవాలి. మడమ వెనక నరం (కండరాన్ని ఎముకకి కట్టే తాడు) నొప్పెడితే ఆరోజే సిప్రో ఆపి డాక్టరుకి చెప్పాలి.

బరంపురం, ల్యాబ్ టెక్నీషియన్:
కల్చర్ లేకుండా 4 వారాల సిప్రో ఏమిటండీ? ఈ జబ్బులో పదిమందిలో తొమ్మిదిమందికి క్రిమే దొరకదు. పైగా టీబీ ఉంటే సిప్రో దాన్ని కొన్నాళ్లు కప్పేస్తుంది.

మందు మొదలెట్టకముందే రెండు సీసాలు కావాలి. మామూలు మూత్రం ఒకటి. డాక్టరు ప్రోస్టేట్ మర్దన చేశాక వచ్చే మొదటి 10 మిల్లీలీటర్లు రెండోది. రెండోదాంట్లో క్రిములు 10 రెట్లుంటే మూలం ప్రోస్టేటే. జ్వరం ఉన్నవాడికి మాత్రం మర్దన చేయకూడదు, క్రిమి రక్తంలోకి ఎక్కుతుంది. అక్కణ్ణుంచి బస్సులో వచ్చే సీసా ఐసు పెట్టెలో లేకపోతే దారిలోనే క్రిములు పెరిగి లెక్క తప్పుతుంది. ఆ రిపోర్టు చూసి మందు రాయడం దండగ.

పర్లాకిమిడి, మందుల షాపు:
టిజానిడిన్ తీసేయించాను. టామ్సులోసిన్ పరగడుపున వద్దంటారు, నిజమేనా?

గుణుపురం, ఫార్మసిస్టు:
నిజమే. రోజూ అదే పూట భోజనం అయ్యాక అరగంటకి వేసుకోవాలి, క్యాప్సూల్ విప్పకూడదు. వీర్యం తగ్గిందని భయపడి మానేస్తారు, అది మందు గుణమే, ఆపితే సర్దుకుంటుంది. ఎప్పటికైనా శుక్లాల ఆపరేషనుకి వెళ్తే, మానేసి ఏళ్లయినా సరే, ఈ మందు పేరు కంటి డాక్టరుకి చెప్పమనండి. ఆపరేషన్లో ఐరిస్ (కంటిపాప చుట్టూ ఉండే రంగు పొర) వదులైపోయి జారుతుంది.