30 పిట్టలను కొత్త జాతి అనవచ్చా?

గిజిగాడు:
పసిఫిక్ సముద్రంలోని గాలాపాగస్ దీవుల్లో డాఫ్నీ మేజర్ అనే చిన్న దీవి ఉంది, మనుషులుండరు. జీవశాస్త్రవేత్తలైన గ్రాంట్ దంపతులు పీటర్, రోజ్‌మేరీ 1973 నుంచి నలభై ఏళ్లు ఏటా అక్కడికి వెళ్లి, ఫించ్ పిట్టల కాళ్లకు రింగులు తొడిగి, ముక్కులు కొలిచారు. 1981లో అక్కడ కొత్త మగపిట్ట ఒకటి కనిపించింది. ఒళ్లు పెద్దది, పాట వేరు. 100 కిలోమీటర్లకు పైగా దూరంలోని ఎస్పాన్యోలా దీవి నుంచి వచ్చిందని 2017లో జన్యువుల ఆధారంగా తేల్చారు. అది స్థానికంగా ఉండే ఫోర్టిస్ అనే ఫించ్ జాతి ఆడపిట్టతో జతకట్టింది. రెండు తరాలు గడిచాక దాని సంతతి బయటి పిట్టలతో కలవడం మానేసింది. 'బిగ్ బర్డ్' అంటారు వీటిని. 2017లో వీటి సంఖ్య సుమారు 30 అని చెప్పారు. నా దృష్టిలో ఇది కొత్త జాతే. మీరేమంటారు?

చెరువుగట్టు:
ఒప్పుకోలేను. 2003–05 కరువులో ఆ సంతతిలో మిగిలినవి తోబుట్టువులైన ఒక మగ, ఒక ఆడ. అవే జతకట్టి మళ్లీ పెరిగాయి. ఇంత సన్నటి దారంతో వేలాడేదానికి అప్పుడే జాతి పేరా? పైగా వాటిని వేరు చేస్తున్నది ముఖ్యంగా పాట. అది పుట్టుకతో రాదు, పిల్ల తండ్రి దగ్గర నేర్చుకుంటుంది. ఒక పిల్ల పక్కగూటి పాట నేర్చుకుంటే చాలు, కలిసిపోవడం మొదలవుతుంది. 1942లో జీవశాస్త్రవేత్త ఎర్నెస్ట్ మయర్ చెప్పిన లెక్కలో జాతి అంటే తమలో తాము సంతానం కంటూ, ఇతర గుంపులతో సంతానోత్పత్తి పరంగా విడిపోయినది. ఇక్కడ ఆ విడిపోవడం ఎంతకాలం నిలుస్తుందో చూడాలి కదా.

గిజిగాడు:
చెరువుగట్టు గారూ, ఆ లెక్క గట్టిగా పట్టుకుంటే అదే దీవిలోని ఫోర్టిస్, స్కాండెన్స్ అనే ఫించ్‌లు కూడా రెండు జాతులు కావు. ఆ రెంటికీ సంకర పిల్లలు పుడుతూనే ఉన్నాయి. 1983లో ఎల్ నినో (పసిఫిక్ నీళ్లు వేడెక్కడం) తెచ్చిన వానల తర్వాత చిన్న గింజలు విపరీతంగా దొరికి, ఆ పిల్లలు బాగా బతికి, మళ్లీ పిల్లల్ని కన్నాయి. అయినా వాటిని రెండు జాతులుగానే రాస్తున్నాం. పాతవాటికి ఇచ్చిన వెసులుబాటు కొత్తదానికి ఎందుకివ్వరు?

లంకపిల్ల:
ఇద్దరూ పాట గురించే మాట్లాడుతున్నారు. తిండి సంగతి? ఆ దీవిలో మన పల్లేరుకు చుట్టమైన మొక్క ఉంది. కాయ గట్టిగా, ముళ్లతో ఉంటుంది. 1977 కరువులో మెత్తటి గింజలు అయిపోయాక దాన్ని పగలగొట్టగలిగిన పెద్దముక్కు ఫోర్టిస్‌లే ఎక్కువగా బతికాయి. ఆ దీవిలో ముక్కు కొలతే బతుకుతెరువు. బిగ్ బర్డ్ ముక్కు ఫోర్టిస్‌లా లేదు, ఇంకా పెద్దదైన మాగ్నిరోస్ట్రిస్ జాతి ఫించ్‌లా కూడా లేదు. నాకు ఇది పాటకంటే బలమైన ఆధారం.

చెరువుగట్టు:
ముక్కు వాదన బలమైనదే, లంకపిల్ల గారూ. అయినా గ్రాంట్ దంపతులే దాన్ని 'వంశం' అన్నారు, కొత్త శాస్త్రీయ నామం పెట్టలేదు. తిండి పుష్కలంగా ఉన్న ఏళ్లలో, ఫోర్టిస్ గూళ్ల పక్కనే ఉంటూ కూడా చాలా తరాలు కలవకపోతే అప్పుడు నేనూ జాతి అంటాను. ఎన్ని తరాలంటే చాలు? మీ లెక్క చెప్పండి, గిజిగాడు గారూ.